ఊయలకు పిట్టగోడ



ఈ నెల నేను ప్రసంగం వంటిది రాయడం లేదు. మా ఇంట్లో జరిగిన ఒక సంగతి రాస్తున్నాను. దీనిని కూడికలలో రెండు మూడుసార్లు సాక్ష్యంగా చెప్పాను. అయితే నా తప్పు ఉన్న భాగాన్ని ప్రతిసారీ కొంచెం దాటవేశాను. ఈసారి అట్లా దాటవేయకుండా రాస్తేనే పత్రికకు పంపాలని నా భార్య షరతు పెట్టింది.

అది 2010వ సంవత్సరం, మే నెల. జమ్మలమడుగుకు దగ్గరలోని ఒక పల్లెలో సంఘ పరిచర్య చేస్తున్నాను. బైబిలు కళాశాలలో డిప్లొమా ముగించి వచ్చి అప్పటికి కొద్ది సంవత్సరాలే అయింది. మేముండేది పాతకాలపు మట్టి మిద్దె. కింద నాపరాళ్ళు, పైన దూలాలు. మా పెద్దపాపకు మూడో నెల. పులివెందులలో పుట్టింట్లో పురుడు ముగించుకొని నా భార్య బిడ్డతో వచ్చింది. తోడుగా మా అత్త వచ్చింది. వచ్చిన రోజే అత్త తన పాత నూలు చీర తీసి, నడి దూలానికి ఉన్న కొక్కేనికి కట్టి, ఊయల వేసింది. మన ఇళ్ళలో ఊయల అంటే ఇదే గదా. అమ్మమ్మ చీర, దూలం, పక్కన కూర్చొని ఊపే ఒక చెయ్యి.

రెండు మూడు రోజులకే నా భార్యకు అది నచ్చలేదు.

“ఏమండీ, ఈ చీర పాప బరువుకు సంచి మాదిరి మూసుకొని పోతాంది. మడత మూతి మీదికి వస్తాంది. తల ముందుకు వంగి గదుమ ఎదకు ఆనుకుంటాంది చూడండి” అనింది.

నేను ఆదివారపు ప్రసంగం రాసుకుంటున్నాను. తల ఎత్తకుండానే, “అందరు బిడ్డలూ దీంట్లోనే పెరిగినారు. ప్రార్థన చేసి పడుకోబెట్టు. దేవుడు చూసుకుంటాడు” అన్నాను.

ఆ మాటలో తప్పేముంది అని మీరు అనవచ్చు. ఆరోజు నాకూ ఏ తప్పూ కనిపించలేదు.

ఆ గురువారం ప్రొద్దుటూరులో సేవకుల సహవాస కూడిక. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఇంట్లో నా భార్య పాపను ఒళ్ళో పెట్టుకొని గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. ఆమె చేతులు వణుకుతున్నాయి. అత్త ఒక మూల కూర్చొని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడుస్తోంది.

మధ్యాహ్నం పక్కింటి పిల్లలు వచ్చి ఊయల గట్టిగా ఊపారట. ఒకే కొక్కెం గనుక చీర పైన మెలిపడి, ఆ మెలి కిందికి దిగి, ఊయల మూతి బిగుసుకుంది. పిల్లలు వెళ్ళిపోయారు. నా భార్య వంటింట్లో రోటి దగ్గర ఉంది. పాప ఏడుపు విని ఆమె లేవలేదు. అసలు ఏ చప్పుడూ లేకపోవడం చూసి లేచింది. వచ్చి చూసేసరికి చీర మడత ముక్కును, నోటిని కప్పి ఉంది. పెదవులు నల్లబడ్డాయి. గబగబ తీసి, వీపు రుద్ది, ముఖం మీద గాలి ఊదితే పాప ఒక్కసారి ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. ఆ ఏడుపు వినడానికి ఎంతసేపు పట్టిందో ఆమె ఈనాటికీ చెప్పలేదు. నేను అడగలేదు.

ఆ రాత్రి నేను స్తుతి ప్రార్థన చేశాను. ఆమె ఆమేన్ అనలేదు.

తెల్లవారగానే ఆమె చీర విప్పి మడత పెట్టేసింది. “పాపను దేవుడే కాపాడినాడు. నాకు తెలుసు. కానీ చూసుకోమని ఆయన నాకు రెండు కండ్లు, రెండు చేతులు గూడా ఇచ్చినాడు. నేను ఒకటి తయారు చేస్తా. మీరు వడ్రంగి దగ్గరికి పోయి రాండి” అనింది.

మా అత్తకు కోపం వచ్చింది. “నిన్ను గూడా చీర ఊయల్లోనే పెంచినా. బతకలేదా?” అనింది.

“బతికినాను లేమ్మా. బతకనోళ్ళు వచ్చి చెప్పలేరు గదా” అనింది నా భార్య.

ఆ మాట అత్తకు చెప్పింది గానీ, వచ్చి తగిలింది నాకు. ఎందుకో తరువాత చెబుతాను.

నా భార్య చదివింది పదో తరగతి. ఆమె తయారు చేసిన వస్తువును ఉన్నది ఉన్నట్టు వివరిస్తాను, చదివే తల్లులకు ఉపయోగపడవచ్చు. మొదట ఒక వేప పలక తెప్పించింది. పాప వెల్లకిలా పడుకుంటే తలకూ కాళ్ళకూ రెండు వైపులా జానెడు చోటు మిగిలేంత పొడవు. అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్దించింది. దాని మీద పలచని బొంత ముడత లేకుండా బిగించి కుట్టింది. సంఘంలో ఒక నేతపని చేసే సహోదరుడు దళసరి నూలు గుడ్డ ఇచ్చాడు. దానితో పలక చుట్టూ తొట్టి మాదిరి కుట్టి, రెండు పక్కలా దోమతెర గుడ్డ వేసింది. బిడ్డ ముఖం పక్కకు తిరిగి ఆనుకున్నా గాలి ఆడాలని. తల వైపు ఒక కర్ర, కాళ్ళ వైపు ఒక కర్ర అడ్డంగా దోపింది. అందువల్ల గుడ్డ మూసుకొని పోదు. ఒక కొక్కేనికి బదులు రెండు దూలాలకు రెండు కొక్కేలు కొట్టించి, నాలుగు తాళ్ళతో వేలాడదీసింది. రెండు చోట్ల కట్టినది మెలిపడదు. నేలకు మూరెడు ఎత్తులోనే కట్టి, కింద బొంతలు పరిచింది.

ఇది ఒక్కరోజులో కాలేదు. మొదటిసారి పది కేజీల బియ్యం మూట పెట్టి ఊపితే పలక ఒక పక్కకు ఒరిగి, బియ్యం ఇల్లంతా చిమ్మింది. రెండోసారి కుట్టు పిగిలింది. వడ్రంగి నవ్వి, “పాస్టరయ్యా, ఊయలకు పలక ఎందుకయ్యా?” అన్నాడు. మూడోసారి పలకకు నాలుగు మూలలా రంధ్రాలు వేయించి తాడు అడుగు నుండే తీసుకొని వచ్చింది. అప్పుడు నిలిచింది. ఆ రాత్రంతా బియ్యం మూటే దాంట్లో పడుకుంది. పాప మరునాడు పడుకుంది.

ఒక నియమం కూడా పెట్టింది. పాప దిగితే ఊయల కూడా దిగాలి. ఖాళీ ఊయల వేలాడకూడదు. ఈ నియమం ఎందుకు పెట్టిందో నేను అడగలేదు. ఎందుకంటే నాకు తెలుసు.

ఇక్కడే నేను ఇన్నాళ్ళూ దాటవేసిన సంగతి ఉంది.

ఆ సంవత్సరమే జనవరిలో, పక్క ఊరిలో మా సంఘస్థుల ఇంట ఆరేళ్ళ పిల్లవాడు చనిపోయాడు. తల్లిదండ్రులు కూలికి వెళ్ళారు. చిన్నబిడ్డను తల్లి తన వెంట తీసుకొని పోయింది. ఇంట్లో చెల్లెలి ఊయల ఖాళీగా వేలాడుతోంది. పిల్లవాడు అందులో దూరి గిరగిర తిరుగుతూ ఆడుకున్నాడు. చీర మెడకు మెలిపడింది. భూస్థాపన ఆరాధన నేనే జరిగించాను. “ఇది దేవుని చిత్తం” అన్నాను. మట్టి వేసిన తరువాత ఆ తల్లి నా దగ్గరికి వచ్చి, “అయ్యా, ఆ చీర కట్టింది నేను గదా. దేవుడు కాదు గదా” అనింది. నేను ఒక వాక్యం చెప్పి ఆమె నోరు మూయించాను.

ఆ తరువాత నాలుగు నెలలలో నేను ముప్పై ఇళ్ళకైనా దర్శనాలకు వెళ్ళి ఉంటాను. ఎన్నో ఇళ్ళలో అదే ఊయల. కొన్ని ఇళ్ళలో ఖాళీగానే వేలాడుతుండేది. ప్రార్థన చేసి, కాఫీ తాగి వచ్చాను. ఒక్క ఇంట్లోనైనా “అమ్మా, ఇది విప్పి పెట్టు” అనలేదు. చివరికి నా ఇంట్లో నా భార్య చెప్పినప్పుడు కూడా తల ఎత్తలేదు. బిడ్డ ఎందుకు చనిపోయాడో తెలిసిన కాపరిని నేను. ఆ తెలిసిన సంగతిని దేవుని చిత్తం అనే మాట కింద దాచిపెట్టాను.

ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం 8వ వచనం మీలో ఎందరు గమనించారో తెలియదు. కొత్త ఇల్లు కట్టుకొనేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి, ఎవరైనా పైనుండి పడితే ఆ రక్తదోషం ఆ ఇంటి మీదికి వస్తుంది అని అక్కడ ఆజ్ఞ ఉంది. వేసవిలో మిద్దెల మీద పడుకొనే మన కడప జిల్లా వాళ్ళకు ఈ మాట ఎవరూ విప్పి చెప్పనక్కర లేదు. పడినవానిని దేవుడు పట్టుకొంటాడులే అని ఆ వచనంలో లేదు. పడకముందే గోడ కట్టమని ఉంది. అది కట్టవలసినవాడు ఇంటి యజమానుడు.

జూన్ నెలలో నేను ఆ తల్లి ఇంటికి వెళ్ళాను. నా భార్య కూడా వచ్చింది. “అమ్మా, ఆరోజు నేను తప్పు మాట అన్నాను. నీ బిడ్డ చావడం దేవునికి ఇష్టమని నేను అనకుండా ఉండవలసింది. నువ్వూ తప్పు చేయలేదు. చీర ఊయలలో ఇటువంటి ప్రమాదం ఉందని నీకు ఎవరూ చెప్పలేదు. తెలిసిన తరువాత కూడా ఎవరికీ చెప్పనిది నేను. నన్ను క్షమించు” అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత నా భార్యను, “ఆ పలక ఊయల నాకు ఒకసారి చూపిస్తావా అమ్మా?” అని అడిగింది.

ప్రియులారా, బిడ్డ క్షేమం కోసం ఒక వస్తువు తయారు చేసిన తల్లి పరిశుద్ధ గ్రంథంలోనే ఉంది. నిర్గమకాండం రెండవ అధ్యాయంలో యోకెబెదు జమ్ము పెట్టె తీసుకొని దానికి జిగటమన్ను, కీలు పూసింది. నీళ్ళు లోపలికి రాకూడదని పూసిన పూత అది. పెట్టెను నడి ఏటిలో వదలలేదు, ఒడ్డున జమ్ములో ఉంచింది. బిడ్డ అక్క దూరంగా నిలిచి కనిపెట్టి చూసింది. మంచి వస్తువు, మంచి చోటు, కనిపెట్టి చూసే ఒక మనిషి. ఈ మూడూ ఉన్నాయి. హెబ్రీ 11:23లో మోషే తలిదండ్రులు బిడ్డను దాచిపెట్టిన ఆ పనినే విశ్వాసం అని లెక్కించారు. నేను విశ్వాసం అనుకొన్నది తల ఎత్తకుండా చెప్పిన ఒక మాట. యోకెబెదు విశ్వాసం ఆమె చేతికి అంటిన కీలులో ఉంది.

ఆ తరువాత నేను ఇటువంటి తల్లిదండ్రులను గురించి వెదికి చదవడం మొదలుపెట్టాను. అమెరికాలో మేరియన్ డోనవన్ అనే తల్లి 1946లో స్నానాల గది తెర కత్తిరించి, బిడ్డ గుడ్డ తడిసినా పక్క తడవని తొడుగు కుట్టింది. పిన్నీసులు గుచ్చుకోకుండా వాటికి బదులు నొక్కు బొత్తాలు పెట్టింది. కంపెనీలవాళ్ళు వద్దంటే తానే అమ్మకానికి పెట్టింది. 1951లో దానికి పేటెంటు వచ్చింది.

ఆన్ మూర్ అనే మరొక తల్లి పిల్లల నర్సు. ఒహాయో రాష్ట్రంలో డంకర్డులు అనబడే నిరాడంబర క్రైస్తవుల వ్యవసాయ కుటుంబంలో పెరిగింది. 1960ల మొదట్లో సేవాదళంతో ఆఫ్రికాలోని టోగో దేశానికి వెళ్ళింది. అక్కడి తల్లులు బిడ్డలను గుడ్డతో వీపుకు కట్టుకొని పనులు చేసుకోవడం, ఆ బిడ్డలు నెమ్మదిగా ఉండడం చూసింది. తనకు కూతురు పుట్టినప్పుడు అట్లాగే కట్టుకోబోతే బిడ్డ జారిపోయేది. అప్పుడు తన తల్లి లూసీ చేత భుజాల పట్టీలతో ఒక సంచి కుట్టించుకొంది. దానికి 1969లో పేటెంటు వచ్చింది. స్నగ్లీ అనే పేరుతో లోకమంతా తెలిసింది. దాని వెనుక ఉన్నది పేద ఆఫ్రికా తల్లుల తెలివి. మన ఎరుకల స్త్రీలు, కూలికి పోయే స్త్రీలు బిడ్డను గుడ్డతో కట్టుకొని నడవడం మనమూ చూశాం గదా.

మన పొరుగున చెన్నైకి చెందిన జుబైదా బాయి ఇంజనీరింగు చదివిన స్త్రీ. తన మొదటి కాన్పు తరువాత ఇన్‌ఫెక్షన్ వచ్చి చాలాకాలం బాధపడింది. రాజస్థాన్‌లో ఒక మంత్రసాని కొడవలితో బొడ్డు కోయడం చూసి చలించిపోయింది. శుభ్రమైన బ్లేడు, బొడ్డుకు క్లిప్పు, సబ్బు, పరచుకొనే షీటు ఒక చిన్న సంచిలో పెట్టి, ‘జన్మ’ అనే పేరుతో తక్కువ ధరకు అందే కాన్పు సంచిని తయారు చేసింది. తన బాధను ఇతర తల్లులకు రక్షణగా మార్చింది.

కొన్నిసార్లు కొనవలసిన వస్తువే ఉండదు. మా రెండో బిడ్డ 2013లో నెలలు నిండకముందే పుట్టాడు. ఒక కేజీ ఎనిమిది వందల గ్రాములు. నర్సమ్మ నా భార్యకు బిడ్డను రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్ళు తగిలేటట్టు నిలువుగా కట్టింది. ఆమె అలసిపోయినప్పుడు, “అయ్యగారూ, చొక్కా విప్పండి, ఇప్పుడు మీ వంతు” అనింది. నాకు సిగ్గు వేసింది. కానీ ఆ చిన్న ప్రాణం నా ఎద మీద వెచ్చబడి నిద్రపోయినప్పుడు సిగ్గు పోయింది. దీనినే కంగారూ పద్ధతి అంటారు. 1978లో కొలంబియా దేశంలో బొగొటా నగరపు ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలనప్పుడు డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా దీనిని మొదలుపెట్టాడు. మన ఢిల్లీ నగరంతో సహా ఐదు దేశాల ఆసుపత్రులలో చేసిన పరిశోధన 2021లో వెలువడింది. 1 కేజీ నుండి 1.8 కేజీల లోపు బరువున్న బిడ్డలకు పుట్టిన వెంటనే ఇట్లా చేస్తే, నెలలోపు మరణాలు నాలుగో వంతు తగ్గాయని అందులో తేలింది.

అయితే ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. బిడ్డకు సుఖంగా కనిపించేదంతా క్షేమం కాదు. ప్రొద్దుటూరు అంగళ్ళలో నేడు రంగురంగుల మెత్తలు, తలదిండ్లు, చక్రాల నడకబండ్లు వేలాడుతుంటాయి. నడకబండిలో బిడ్డ రెప్పపాటులో గడప దాటి మెట్ల మీదికి, పొయ్యి దగ్గరికి పోతుంది. కెనడా దేశం 2004లో ఆ బండ్లను పూర్తిగా నిషేధించింది. అమెరికాలో 2022లో చట్టం చేసి, పసిబిడ్డలను నిద్రపుచ్చే ఏటవాలు పడకలను, తొట్టి చుట్టూ కట్టే మెత్తలను అమ్మకూడదన్నారు. డాక్టర్లు చెప్పేది సులువైన మాట. బిడ్డను వెల్లకిలా, గట్టి సమతల పక్క మీద పడుకోబెట్టండి. ముఖం దగ్గర దిండు, మెత్త, దుప్పటి ఉంచకండి. ఈ మాట 1990లలో తల్లులకు విస్తారంగా చెప్పిన దేశాలలో నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసిబిడ్డల సంఖ్య చాలా తగ్గింది. దానికి పైసా ఖర్చు లేదు. మా పలక ఊయల కూడా పగటిపూట, పక్కన మనిషి ఉన్నప్పుడే. రాత్రికి చాప మీద పలుచని బొంత పరిచి, దాని మీద వెల్లకిలా పడుకోబెట్టేవాళ్ళం.

కొన్ని సంవత్సరాల తరువాత పులివెందులలో స్త్రీల కూడికలో నా భార్య ఈ సంగతి చెప్పింది. కూడిక ముగిశాక అరటి తోటలో కూలి చేసే ఒక తండ్రి మమ్మల్ని తోట దగ్గరికి పిలుచుకొని పోయాడు. గట్టు మీద చీనీ చెట్టు నీడలో మూడు కర్రలు నిలబెట్టి బిడ్డకు ఊయల కట్టాడు. ఒక్కో కర్ర కాలు ఒక్కో టెంకాయ చిప్పలో ఉంది. చిప్పల నిండా నీళ్ళు. “చీమలు ఎక్కవయ్యా” అన్నాడు. ఊయలలోకి తొంగిచూసి నా భార్య రెండు కర్రలు అడ్డం దోపింది. అతడు తలాడించి, “ఇది నాకు తట్టలేదమ్మా” అన్నాడు. ఆమె టెంకాయ చిప్పల వైపు చూసి, “అది నాకు తట్టలేదు అన్నా” అనింది. ఒకరికి తట్టనిది మరొకరికి తడుతుంది. అందుకే మనం ఒకరితో ఒకరం చెప్పుకోవాలి. సంఘం అంటే అదే కదా.

మా పెద్దపాప ఇప్పుడు ప్రొద్దుటూరులో ఇంటర్ చదువుతోంది. ఆ వేప పలక మా ఇంట్లో లేదు. చాలా ఏండ్లుగా అది ఆ తల్లి ఇంట్లోనే ఉంది. సంఘంలో ఎవరింట బిడ్డ పుట్టినా ఆమె దానిని నెత్తిన పెట్టుకొని పోయి, తన చేతులతో కట్టి, తాళ్ళు లాగి చూసి వస్తుంది. “బిడ్డ దిగితే ఊయల దిగాల. మరిచిపోవద్దు” అని చెప్పకుండా ఆ గడప దాటదు. ఆమె కొడుకు తిరిగి రాలేదు. ఆ లోటు నేను పూడ్చలేను, ఏ మాటతోనూ పూడ్చబోను. పలక అడుగున ఆమె బొగ్గుతో ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క గీత పెడుతోంది. మొన్న చూసినప్పుడు పంతొమ్మిది గీతలున్నాయి.

ఇది చదువుతున్న తండ్రీ, తల్లీ, ఈ రాత్రి ప్రార్థనకు మోకరించే ముందు ఒక్కసారి మీ ఇల్లంతా చూడండి. ఖాళీగా వేలాడే చీర ఉందా? మూతలేని తొట్టి, బానా ఉన్నాయా? మిద్దెకు పిట్టగోడ ఉందా? లేచి ఆ పని ముగించి, తరువాత మోకరించండి. మీ ఇంట్లో ఎవరైనా “ఏమండీ, ఇది ఒకసారి చూడండి” అంటే, నావలె కాక, తల ఎత్తి చూడండి.

చిన్నబిడ్డలను ఎత్తి కౌగిలించుకొన్న ప్రభువు మన ఇండ్లలోని పసిబిడ్డలను కాపాడును గాక. ఆ కాపుదలకు మన చేతులను కూడా వాడుకొనును గాక. ఆమేన్.